అత్తగారి మడత మంచం

“సంచి సర్దేశాను అత్తయ్యా. ఇప్పుడు బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోతారు, లేవండి.”

డయానా గొంతులో తొందర దాగడం లేదు. హనుమాన్ జంక్షన్‌లో ఆడపడుచు కీర్తన కొడుక్కి రేపే జ్ఞానస్నానం. అమ్మమ్మ లేకుండా ఎట్లా జరుగుతుంది? తెరేసమ్మ కొత్త చీర కట్టుకుని కూడా గుమ్మం దగ్గరే తచ్చాడుతోంది.

“బెన్నీని మాటిమాటికీ పక్కకి తిప్పాలి కదమ్మా. లేకపోతే పుండ్లు పడతాయి.”

“నేను తిప్పలేనా? యూరిన్ సంచి మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ నేర్చుకున్నాగా. రెండు రాత్రులేగా అత్తయ్యా!”

ఆ రెండు రాత్రుల కోసమే డయానా కాచుక్కూర్చుంది. కిందటేడు ఆటోనగర్‌లో లారీ మీదనుంచి పడి మొగుడు బెన్నీ వెన్ను విరిగింది, నడుము కింద చచ్చుబడింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే తెరేసమ్మ కొడుకు పక్కన మడత మంచం వేసింది. ఇంతవరకూ తీయలేదు. ఉన్నదే ఒక్క గది. ఆలుమగల మధ్య గాలైనా దూరకూడదంటారే, ఇక్కడ ఏకంగా అత్తగారే దూరింది! డయానా వంటింట్లో చాప మీద పడుకుంటోంది.

కిందటి నెల డాక్టరమ్మ ఇద్దరికీ విడమరిచి చెప్పింది. “దెబ్బ తగిలినంత మాత్రాన సంసారం అయిపోయినట్టు కాదు. మందులున్నాయి, పద్ధతులున్నాయి. పిల్లలు కావాలన్నా దారుంది. ముందు మీ ఇద్దరూ ఒంటరిగా గడపండి. దగ్గరగా పడుకోండి, మాట్లాడుకోండి. మొదట్లో కుదరకపోతే బెంగపడొద్దు.”

డయానా సిగ్గుతో తల వంచుకుందే గానీ ఒక్క మాట పొల్లుపోనివ్వలేదు. బెన్నీ మాత్రం గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పాపం, అంతటి మనిషికి అంతకన్నా నామోషీ ఏముంటుంది అనుకుంది.

“మీరైనా చెప్పండి మీ అమ్మకి,” అంది మొగుడితో.

“వెళ్ళమ్మా,” అన్నాడు బెన్నీ ఫ్యాను కేసి చూస్తూ. “పొద్దున్నుంచీ ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. అదేం లేదులే, నువ్వెళ్ళు.”

అంతే, తెరేసమ్మ సంచి కింద పెట్టేసింది.

ఎప్పుడూ ఇదే వరస. క్రిస్మస్‌కి తమ్ముడింటికి బయల్దేరితే కొడుక్కి వెన్ను మంటన్నారు. కీర్తన పురుడప్పుడు కడుపుబ్బరమన్నారు. ఈవిడకి సాకు దొరికితే చాలు! డయానాకి అరికాలి మంట నెత్తికెక్కింది. బెన్నీ నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉంది. అత్తగారి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

“కూతురి బిడ్డని ఎత్తుకోవడానికీ వెళ్ళరు, నా కడుపూ పండనివ్వరు. పిల్లల సంగతి దేవుడెరుగు, ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క రాత్రి పడుకునే రాత కూడా లేదా నాకు? ఇది కొడుకు మీద ప్రేమ కాదు. నేనంటే ఓర్వలేనితనం!”

అంతలో తెరేసమ్మ ఫోను మోగింది.

“అమ్మా, బస్సెక్కావా?” కీర్తన గొంతు బయటికి వినబడుతోంది.

“రాలేనే తల్లీ. అన్నకి ఒంట్లో బాలేదు.”

“నేను నీ కూతుర్ని కాదా అమ్మా?” అని అటు పెట్టేసింది. తెరేసమ్మ పొయ్యి పక్కనే చతికిలబడి కొత్త చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడుపు చూసి డయానా మనసు కరగలేదు సరికదా, ఇంకా మండింది.

“తాడో పేడో ఇవాళే తేలాలి. మీరు వెళ్ళకపోతే నేనే మా చల్లపల్లి వెళ్ళిపోతాను. మళ్ళీ గడప తొక్కను. మీ కొడుకునీ ఈ గదినీ మీరే ఏలుకోండి.”

“అంతపని చెయ్యకమ్మా! నువ్వు పోతే వాడు బతకడు.”

“మరైతే బస్సెక్కండి.”

“ఎక్కలేనమ్మా.”

“అదే, ఎందుకని?”

తెరేసమ్మ గదిలోకి ఓసారి తొంగి చూసింది. బెన్నీ కళ్ళు మూసుకుని ఉన్నాడు. కోడలి రెండు చేతులూ పట్టుకుని గొంతు బాగా తగ్గించింది.

“ఆ మంచం తియ్యొద్దని ఒట్టేయించుకుంది వాడేనమ్మా.”