విప్పిన పేరు

"నా పేరెవరు విప్పారక్కా?" బాస్కెట్‌బాల్ ఆటగాడు జెర్సీని కుట్టుమిషను మీదికి విసిరికొట్టాడు. వీపు మీద తెగిన దారాలే మిగిలాయి.

"నేనే. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది," అంది జట్టు బట్టలు కుట్టే ఆమె.

"సీజన్ మధ్యలో నన్ను పక్క జట్టుకిచ్చేస్తారని నెల్లాళ్లుగా అభిమానులు కోడై కూస్తున్నారు. అడిగితే ఉత్త పుకార్లన్నాడు మేనేజరు. ఎనిమిదేళ్లు ఆడినవాడికి మొహం మీద చెప్పలేరా?"

ఆమె సూదిలో దారం ఎక్కించింది. బల్ల మీద కొత్త పేరు సిద్ధంగా ఉంది. మొన్నటి ఆటలో మోచేత్తో పొడిచి ఇతని పెదవి చిట్లగొట్టిన పక్క జట్టువాడి పేరు.

"నా బదులు వీడా? వీడికి తెలుసా?"

"నీకే చెప్పనివాళ్లు అతనికి చెప్పుంటారా తమ్ముడూ?"

అతను పళ్లు కొరుకుతూ ఫోన్ తీశాడు.

"ఆ సూది కాసేపు ఆపక్కా. ముందు వాడికి నేను చెప్తాను."