రెప్పల కింది రంగు

నేపుల్స్ దగ్గర, శంఖాల మీద ఉబ్బెత్తు బొమ్మలు చెక్కే కామియో పనివాళ్ల వీధిలో నున్సియాటా, శంఖపు పెంకు మీద నిద్రపోతున్న ప్రేమదేవుణ్ణి చెక్కుతోంది. ముఖం మాత్రం సముద్రంలో పోయిన భర్త వీటోది. పక్కన అతని ముఖం చూడాలని దీపం పట్టుకున్న భార్య సైకీ. ఆ వెలుగుకి నిద్రలేచిన దేవుడు ఆమెను వదిలిపోయాడని కథ.

"రెప్పలు ఇంక గీకకమ్మాయ్. తెల్లపొర పోతే కింద గోధుమరంగు తేలుతుంది," అన్నాడు మామగారు, ఇంటికి బయలుదేరుతూ.

"తేలనీ మామయ్యా. మీవాడి కళ్లూ ఆ రంగేగా."

ఆయన వెళ్లాక ఇంకొక్కసారి గీకింది. రెప్పకింద సన్నటి గోధుమగీత మెరిసింది. వెనక మంచం మీదనుంచి వీటో గురక వినిపించింది.

ఆమె తిరిగి చూడలేదు. ఉలి కింద పెట్టేసింది.

"లేవకు వీటో. లేస్తే మళ్లీ వెళ్లిపోతావు."

గురక ఆగింది. మెలకువ వచ్చినవాడు ఇంకా నిద్ర నటిస్తున్నంత నిశ్శబ్దం.