పళ్ళెంలో వెయ్యని గింజలు

"అందరికీ వేసి నాకు వెయ్యరేం?"

ఇంట్లో పసిపాపని వదిలి పనికొచ్చే ఆ పాప తల్లి పళ్ళెం ముందుకు చాపింది. కుట్టు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వరసంతా ఆమె వైపు తిరిగి చూసింది.

వడ్డించే ఆవిడ మొక్కజొన్న గింజల గరిటె వెనక్కి తీసుకుంది.

"నీకొద్దులే తల్లీ. ఈ అరటిపండు తీసుకో. నములమ్మా, బాగా నములు."

రోజూ ఇదే పాట. మిషన్ల దగ్గర ఆడవాళ్ళు ఆవిడకి 'నములమ్మ' అని పేరే పెట్టేశారు.

"ఇంట్లో అత్తగారు చాలక ఇక్కడొకరా నీకు!" పక్క మిషన్ అమ్మాయి కిసుక్కున నవ్వింది.

పాప తల్లికి నవ్వు రాలేదు.

ఆపరేషనయ్యాక మలం పోవడానికి పొట్టకి అతికించిన సంచి సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలిస్తే పక్కన కూర్చుంటారా? ఈ పని నిలుస్తుందా?

సంచి నిండకూడదని పొద్దున ఏమీ తినదు. అయినా అది గాలితో ఉబ్బుతూనే ఉంటుంది. బరువులు ఎత్తొద్దన్నారని ఏడాదిన్నర పాపని చంకనెత్తుకుని మూడు నెలలైంది.

చేతులు కడుక్కునే చోట నములమ్మ పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"పస్తుండకమ్మా. ఖాళీ కడుపే ఎక్కువ గోల చేస్తుంది."

పాప తల్లి గబుక్కున కుళాయి కట్టేసింది. ఈవిడకెలా తెలిసింది? ఈవిడ నోట పడితే రేపీపాటికి ఫ్యాక్టరీ అంతా టముకే!

ఆ సాయంత్రమే మేనేజరు ముందు నిలబడింది.

"సార్, ఆవిడ రోజూ నా తిండి మీద పడి ఏడుస్తోంది. అందరిముందూ చులకన చేస్తోంది."

మర్నాటి నుంచి నములమ్మని వెనక గిన్నెలు తోమే పనిలో వేశారు. నాలుగో రోజున ఆవిడ పని మానేసింది.

"గుండిగలు ఎత్తలేనందమ్మా. మహా సుకుమారం!" అన్నాడు మేనేజరు.

పాప తల్లి ఊపిరి పీల్చుకుంది. కొత్తావిడ గరిటె నిండా గింజలు వేసింది. పాప తల్లి గెలిచినట్టుగా గబగబా తినేసింది.

తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉంది. సంచిలోకి చుక్క దిగలేదు. నొప్పికి మెలికలు తిరిగిపోయింది.

రెండు రోజులకి గండం గడిచాక నర్సు మంచం పక్కన కూర్చుంది.

"మొక్కజొన్న తిన్నావా? అదీ నమలకుండా! ఇంటికి పంపేటప్పుడు నీకు పుస్తకం ఇవ్వలేదా?"

"ఏం పుస్తకం అక్కా?"

నర్సు సొరుగులోంచి పల్చటి పుస్తకం తీసింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ సంచితోనే బతుకుతున్న ఒకావిడ రాసిచ్చింది. సంచి ఉన్నవాళ్ళని చూడగానే గుర్తుపట్టేస్తుంది, పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తారట."

పాప తల్లి మొదటి పేజీ తిప్పింది.

'పస్తుండకండి. ఖాళీ కడుపే ఎక్కువ గోల చేస్తుంది.'

ఆ మాటనే వేలు పెట్టి మళ్ళీ చదివింది.

ఆ కిందే, రెండుసార్లు గీత గీసి ఉంది: 'ఎవరు చెప్పినా సరే, బరువులు మాత్రం ఎత్తకండి.'