పొద్దు గూకితే మసకబారే కారు

యోగానంద కారుకు మళ్లీ జబ్బు చేసింది.

పగలంతా బాగానే ఉంటుంది. పొద్దు గూకితే చాలు, హెడ్‌లైట్లు ఆముదం దీపాలైపోతాయి. పొలిమేర దాకా పోవడం, తిట్టుకుంటూ వెనక్కి రావడం. సోలార్ పార్కుకు భూమి కౌలుకిచ్చి కారు కొన్నాడన్న మాటే గాని, సొంతూరు రాయచెర్లు దాటి ఆ కారు ఏనాడూ చీకటి మొహం చూడలేదు.

ఈసారి భార్య గీత ఊరుకోలేదు. తెల్లారితే అరసికెరెలో ఆమె అన్న గృహప్రవేశం. ఈ రాత్రికే చేరాలి. ఇన్నాళ్లూ పుట్టింటికి ఆటోలో ఎవరి ఒళ్లోనో సగం కూర్చుని పోయిన మనిషి. ఒక్కసారి ఆ వాకిట్లో సొంత కారు దిగాలని ఆమె ఆశ.

"నా డ్యూటీ అయ్యేతలికి పొద్దు గూకుతాది. లైట్లు బాగు చేపిచ్చి పెట్టు. మళ్లా ఆటోలో దిగితే మా వదిన నగుతాది" అంది. ఆమె పార్కులో ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్రాక్టరు తోలుతుంది. కారు కూడా తోలతానని ఒకసారి అడిగితే, "ట్రాక్టరు తోలే చేతికిస్తే గేర్లు ఊడొస్తాయి" అన్నాడు యోగానంద.

మధ్యాహ్నం అతను పావగడలో నందీష్ షెడ్డు ముందు కారాపి హారన్ మోగించాడు. నందీష్ బండ్ల కరెంటు పని చేస్తాడు. బానెట్ ఎత్తి మీటరు పెట్టి చూశాడు.

"డైనమో బాగుండాది, బెల్టు బాగుండాది, బ్యాటరీ బాగుండాది. మళ్లా లైట్ల ఎర్త్ వైరే వదులు. మొన్న నేనే గట్టిగ బిగిచ్చినా గదన్నా! గుంతల రోడ్డుకు ఊడుతాదేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట! రోడ్డు మీద పడతావేందప్పా? ఇదంతా సోలార్ పని. అన్ని ప్యానెళ్లు పక్కనుంటే బండ్లో కరెంటు గుంజుకోకుండా ఉంటాయా?"

షెడ్డు బెంచీ మీద టీ తాగుతున్న పెద్దతిమ్మప్ప తలూపాడు. "మా ఎనుము పాలు తగ్గిచ్చింది గూడా అందుకేనప్పా."

ఆ చుట్టుపక్కల కోడి గుడ్డు పెట్టకపోయినా సోలార్‌దే తప్పు. నందీష్ వాదన పెట్టుకోకుండా నట్టు బిగించాడు. చేతులు తుడుచుకుంటూ చుట్టూ వెతికాడు.

"నా పది నంబరు స్పానరొకటి మొన్నట్నించి కనపడ్లేదు. చూసినావాన్నా?"

"నీ షెడ్డులో ఏనుగును కట్టేసినా కనపడదు" అని యోగానంద కారెక్కాడు.

పొద్దు గూకేవేళకు గీత డ్యూటీ నుంచొచ్చి పట్టుచీర కట్టి, ముందు సీట్లో కూర్చుంది. యోగానంద నీళ్లు చూస్తానని ఓసారి బానెట్ ఎత్తి దించాడు. బయల్దేరారు. పార్కు కంచె దాటేసరికి చీకటి పడింది. దీపాలు మసకబారాయి.

యోగానంద బండి ఆపి, ఏసీ గాలిలోనే చెమట తుడుచుకున్నాడు.

"ఆ నందీష్‌గాని చేతులిరగ! ఏం చేద్దాం గీతా, మన రాత ఇంతే. వెనక్కి పోదాం. ఆటోకు ఫోన్ చేస్తా."

గీతకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. గాజులు పైకి తోసుకుని దిగి, కారు చుట్టూ తిరిగొచ్చి అతని వైపు డోరు తెరిచింది.

"చీకట్లో తోలేదానికి భయమైతే పక్కకు జరుగు, నేను తోల్తా" అంటూ చెయ్యి చాపింది, "ఆ ప్యాంటు జోబీలోంచి తొంగి చూసే స్పానరిట్లియ్యి, ముందు నువ్వు వదులు చేసిన వైరు బిగిస్తా."