నూటికి ఇరవై రెండు పాళ్లు

“బావా, నా లెక్క ఇరవై రెండు పాయింట్ నాలుగు అంటోంది. నీ కండరం ఏమంటుందో మధ్యాహ్నానికి చెప్పు,” అని మరదలు ఫోన్ పెట్టేసింది.

గుండె కండరం నూరు పాళ్ల శక్తి తింటే అందులో ఎన్ని పాళ్లు పనిగా మారతాయి, ఎన్ని వేడిగా ఊరికే పోతాయి? పరిశోధనశాల పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చుని, సమీకరణాలతో ఆ సంగతి ముందే చెప్పడం ఆమె పని. కింది గదిలో గుండె కండరపు పోగును వెచ్చటి ఉప్పునీళ్లలో కొక్కేనికి తగిలించి, కరెంటు తాకించి, అది చేసిన పనినీ పుట్టిన వేడినీ మిషను మీద కొలవడం ఆమె అక్క మొగుడి పని.

మూడేళ్లుగా ఆమె ఎడ్డెమంటే మిషను తెడ్డెమంటూనే ఉంది. నెల తిరిగేలోగా లెక్కా కొలతా కలవకపోతే రెండు గదులకూ తాళం వేస్తాననీ, ఇద్దరూ ఇంటికి పోవచ్చనీ డైరెక్టరు తేల్చి చెప్పేశాడు.

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. అప్పట్నుంచీ పొద్దున ఆమె ఒక అంకె చెబితే, మధ్యాహ్నానికి దాన్ని ఆనుకునే ఉన్న అంకె కింది నుంచి వచ్చేది. నత్తనడక బావ ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. తాళం భయం కాళ్లు తెప్పించిందని ఆమె వెక్కిరిస్తే, మీ అక్క తిట్లకు కూడా ఇంత పని చెయ్యలేదని నవ్వేశాడు.

ఇవాళ ఆఖరి పోగు. ఆమెకు అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. తన గుండె మాత్రం ఈ పూట నూటికి నూరు పాళ్లూ దండగే చేస్తోందనుకుంది.

ఒంటిగంటకు ఫోన్ మోగింది.

“ఇరవై రెండు పాయింట్ మూడు,” అన్నాడు బావ.

ఆమె రెండేసి మెట్లు దాటుకుంటూ డైరెక్టరు గదికి పరుగెత్తింది. ఆయన లెక్కనూ కొలతనూ పక్కపక్కన పెట్టి, నెల రోజుల అంకెలూ వేలితో చూసుకుంటూ వచ్చి, మరో మూడేళ్లకు సంతకం పెట్టేశాడు.

“పదమ్మా, ఆ మిషన్ని ఓసారి కళ్లారా చూడాలి,” అని తనే ముందు నడిచాడు.

వాళ్లు వెళ్లేసరికి బావ మిషనుకు అడ్డంగా నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. పాపం, ఎంత కష్టపడ్డాడో అని ఆమె కళ్లు చెమర్చాయి. డైరెక్టరు అతని భుజం తట్టబోతుండగా, పనిముట్ల పెట్టె పట్టుకుని ఒకతను గుమ్మంలోంచి తొంగి చూశాడు.

“నెల కిందట ఆగిపోయిన మిషను ఇదేనాండీ?”