మూడు రోజుల్లో నున్నని బుగ్గలు

"ఆ డబ్బా కింద పెట్టమ్మాయ్!"

రుయ్‌పింగ్ చేతిలో క్రీము డబ్బాతో ఉలిక్కిపడింది. పిల్లల సామాన్ల కొట్టు గుమ్మంలో ఒక ముసలామె. నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి, చేతిలో భూతద్దం.

రుయ్‌పింగ్ గుండెకు కట్టుకున్న గుడ్డలో మూడు నెలల తాంగ్‌తాంగ్ కునుకు తీస్తోంది. రెండు బుగ్గలూ ఎర్రగా పొక్కి పొలుసులు లేస్తున్నాయి. వారం తిరిగితే పాప పుట్టిన నూరో రోజు పండగ. బంధువులంతా వస్తారు, ఫొటోలు తీస్తారు.

ఆ బుగ్గలతోనా?

"వెనక లైసెన్సు నంబరు చదువు," అంది ముసలామె, భూతద్దం చాపుతూ. "అది క్రిములు చంపే సరుక్కిచ్చే నంబరు. చేతులకి రాసుకుంటామే, దానికి. పసిపిల్లల మొహానికి రాసే క్రీముకి ఇచ్చేది కాదు."

"మీరేమైనా డాక్టరా, అవ్వా?"

"కాదు. మూడు రోజుల్లో తగ్గించే క్రీముని చూసి భయపడాలని తెలిసినదాన్ని."

కొట్టు యజమానురాలు తాన్ గల్లాపెట్టె వెనకనుంచి లేచింది.

"మళ్లీ దాపురించావా? చెల్లెమ్మా, ఆవిడ మాటలు పట్టించుకోకు. రోజూ ఇదే గోల. ఎదురు కొట్టువాళ్లు ఎగదోస్తుంటారు. ఇందులో అన్నీ మూలికలే, మందు చుక్క లేదు. నమ్మకపోతే అటు చూడు."

గోడ మీద గడియారం. పక్కనే బంగారు కుచ్చులతో ఎర్ర ముఖమల్ జెండా. జబ్బు నయమైనవాళ్లు డాక్టర్లకు కుట్టించి ఇచ్చే మెప్పు జెండా లాంటిదే. దాని మీద పెద్ద పసుపు అక్షరాలు: 'మూడు రోజుల్లో నున్నని బుగ్గలు. చల్లని చేతికి దండాలు.'

అలాంటిది ఊరికే ఎవరిస్తారు? మనసు నిండితేనే కుట్టిస్తారు. నలుగురూ చూస్తుండగా మోసుకొచ్చి, చేతికిచ్చి, ఫొటో దిగితేగాని అది గోడెక్కదు.

రుయ్‌పింగ్‌కు నమ్మకం కుదిరింది.

"తాన్, నాది నాకిచ్చెయ్," అంది ముసలామె.

"నీదంటూ ఇక్కడేం లేదు. నడు!"

ముసలామె నడవలేదు. మూలనున్న స్టూలు లాగింది. చెప్పులు విడిచి ఎక్కింది. గోడ వైపు చెయ్యి చాచింది.

"దొంగ! నా గడియారం!" తాన్ కేక పెట్టింది.

రుయ్‌పింగ్‌కు ఒళ్లు మండిపోయింది. పసిపిల్ల తల్లిని మాటల్లో పెట్టి, పట్టపగలు దొంగతనమా! ఒక చేత్తో పాపను అదుముకుని, రెండో చేత్తో ముసలామె చొక్కా పట్టి కిందికి లాగింది. భూతద్దం నేల మీద పడి పగిలింది.

మార్కెట్ కాపలాదారు సగం తిన్న నత్తల సేమ్యా గిన్నెతోనే పరిగెత్తుకొచ్చాడు. గిన్నె పక్కన పెట్టి పుస్తకం తెరిచాడు.

"పేరు చెప్పు, ముసలమ్మా."

"మో షుయ్‌లాన్."

"ఇంకోసారి మార్కెట్ గేటు దాటి లోపలికొచ్చావంటే పోలీసులకి అప్పజెప్తా."

వెళ్తూ వెళ్తూ ఆమె రుయ్‌పింగ్ వైపు చూడలేదు. గుడ్డలో నిద్రపోతున్న పాప వైపు చూసింది.

"ఈ వయసులో ఈ బుద్ధేంటి? సిగ్గు లేకపోతే సరి!" అంది రుయ్‌పింగ్.

మూడు రోజుల్లో బుగ్గలు నున్నబడ్డాయి.

నూరో రోజు పండగకు ఎర్ర గుడ్లు పంచారు. "ఆవిరి రొట్టెలా ఎలా పొంగిందో చూడండి!" అని చుట్టాలు బుగ్గలు పుణికారు. "అదృష్టం పట్టిన మొహం!"

క్రీము మానేస్తే పొక్కులు తిరిగొచ్చేవి. అందుకని మానలేదు.

రెండు నెలలకు మొహం ఇంకా ఉబ్బింది. నుదుటి మీద నల్లటి నూగు మొలిచింది. పాప పొడవు మాత్రం పెరగలేదు.

పట్నం ఆసుపత్రి డాక్టరమ్మ డబ్బాను పరీక్షకు పంపింది. చీటీ వచ్చాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో గాఢమైన హార్మోను మందు కలిపారు. పెద్దవాళ్లకు ఇవ్వడానికే మేం ఆలోచిస్తాం."

"మూలికలన్నారు కదండీ..."

"అందరికీ అలాగే చెప్పారు. ఈ డబ్బాతో మా దగ్గరికొచ్చిన రెండో పాప మీది. మొదటి పాప అమ్మమ్మ ఆరు నెలలుగా కంపెనీతో పోట్లాడుతోంది. మాకున్నవన్నీ మెప్పులే, కొట్ల గోడలు చూసుకోండి అంటారట వాళ్లు."

"మా తాంగ్‌తాంగ్...?"

"ఒక్కసారిగా ఆపకూడదు. మా కళ్లముందే మెల్లగా తగ్గించాలి. చాలా కాలం పడుతుంది."

రుయ్‌పింగ్ ఆసుపత్రి నుంచి నేరుగా కొట్టుకే వెళ్లింది. లోపల ఇంకో తల్లి. చేతిలో అదే డబ్బా.

"అది కింద పెట్టు!"

తాన్ నవ్వబోయింది. "ఏంటి చెల్లెమ్మా ఈ కోపం? నేను అమ్మేదాన్నే గాని చేసేదాన్నా?"

రుయ్‌పింగ్ స్టూలు లాగింది. పాపను గుండెకు అదుముకుని ఎక్కింది.

"కేక పెట్టు! గడియారం దొంగ అని ఇప్పుడు కేక పెట్టు!"

జెండాను పట్టి లాగింది. మేకుతో సహా ఊడొచ్చింది. కుచ్చులు తెగి నేల మీద రాలాయి.

జెండా అడుగున, ఆ రోజు తను చదవని చిన్న అక్షరాలు.

'మా మనవరాలి బుగ్గలు నయం చేసినందుకు కృతజ్ఞతతో, అమ్మమ్మ మో షుయ్‌లాన్.'