ఎవరూ వేయని చక్కెర

"నన్ను చంపుదామనుకున్నావా అన్నా?"

దర్జీ బేకరీలోకి వస్తూనే షుగర్ మిషన్ని కౌంటరు మీద పెట్టాడు. రొట్టెలు పేరుస్తున్న రొట్టెలాయన తల ఎత్తాడు.

"నీ బోర్డు నమ్మి అన్నం మానేశాను. మూడు పూటలా నీ రొట్టే. పొద్దున చూసుకుంటే మూడొందల తొంభై! ఇంకా పెరిగితే దీనికి అంకెలు కూడా చాలవట. 'హై' అని చూపించి ఊరుకుంటుందట."

కౌంటరు వెనక గోడ మీద సుద్దతో రాసిన బోర్డు ఉంది. 'చక్కెర లేని రొట్టె. ఎంతైనా తినండి.'

రొట్టెలాయన చెంబెత్తి నీళ్ళు గటగటా తాగాడు. పొయ్యి దగ్గర పని కదా, చెంబు ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది.

"నా కొట్టులో పంచదార డబ్బా అటకెక్కి ఏడాదయింది తమ్ముడూ. నేను తినేదీ ఇదే రొట్టె."

"అయితే నా రక్తం అబద్ధం చెబుతోందా? వీధి వీధంతా చాటుతాను."

రొట్టెలాయన ఒక ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. పిండిలో ఉప్పు రవ్వంత ఎక్కువైనా పట్టేసే నాలుక ఆయనది. నమిలాడు. ఏమీ లేదు. మింగకుండా ఇంకా నమిలాడు. దవడ ఆగిపోయింది.

"తీపి."

"చూశావా మరి!"

రొట్టెలాయన వెనక్కి తిరిగాడు. పిండి కలిపేది కూతురు.

"ఏమే, ఎప్పట్నుంచి కలుపుతున్నావు?"

"ఏం కలిపాను నాన్నా?"

"నా నోట్లో ఉన్నది నాకు తెలీదా? రుచి కోసం చక్కెర వేశావు. నా పరువు తీశావు. రేపట్నుంచి పిండి ముట్టుకోకు."

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి తన క్యారేజీ తెచ్చి మూత తీసింది. కూర గిన్నె పక్కన పెట్టి, వట్టి అన్నం వాళ్ళ ముందుకు జరిపింది.

"ఇద్దరూ తలో ముద్దా తీసుకోండి. నేను చెప్పేదాకా మింగొద్దు."

"మమ్మల్నేమన్నా పసిపిల్లలనుకున్నావా?" అన్నాడు దర్జీ. అన్నాడే గాని ముద్ద తీసుకున్నాడు. అన్నం మొహం చూసి నెలయింది మరి.

నమిలారు. ఒకరి దవడలు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి దర్జీ కనుబొమలు లేచాయి. రొట్టెలాయన కౌంటరు పట్టుకున్నాడు.

"తీపి," అన్నాడు దర్జీ, నోటినిండా అన్నంతోనే. "ఇందులోనూ వేశావా అమ్మాయ్?"

"అన్నంలో చక్కెర పోసి వండుకునేంత తిక్క నాకుందా బాబాయ్? బళ్ళో మా టీచరు ఇలాగే నమిలించింది. పిండిపదార్థమంటే గొలుసు కట్టిన చక్కెర. నోట్లో ఉమ్మి ఆ గొలుసు తెంపడం మొదలుపెడుతుంది. మిగతాది కడుపులో తెగుతుంది. అన్నమైనా, రొట్టైనా, దుంపైనా, చివరికి రక్తంలో కలిసేది చక్కెరే."

ఇద్దరూ మింగడం మరిచిపోయారు. దర్జీ కళ్ళు మూసుకుని నాలుకను అంగిలికి ఆనించాడు. రొట్టెలాయన గోడవార ఉన్న పిండి బస్తాల దగ్గరికి నడిచాడు. పాతికేళ్ళుగా మోస్తున్న బస్తాలు. ఒకదాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

"ఇదంతా చక్కెరేనా?" గొంతు తగ్గింది.

"చాలామటుకు."

"నేను నిన్ను..." రొట్టెలాయన కూతురి వైపు తిరిగాడు.

"అయితే తప్పు రొట్టెది కాదు," అన్నాడు దర్జీ నెమ్మదిగా. "ఎంతైనా తినమన్న ఆ మాటది."

కూతురు స్టూలెక్కి ఆ మాటను తడిగుడ్డతో తుడవసాగింది. రొట్టెలాయన అడ్డు చెప్పలేదు. మళ్ళీ చెంబెత్తి తాగాడు.

"అది సరే గానీ, రోజుకి రెండు రొట్టెలు లాగిస్తున్నానే నేను! నాకేం కాలేదు మరి?"

గోడ మీద గుడ్డ ఆగింది. కూతురు తండ్రి చేతిలోని చెంబు చూసింది. ఖాళీ.

"చేతులు కడుక్కో నాన్నా. బాబాయ్, కొత్త సూది ఉందా?"

ఉంది. పిండి పోయేలా చేతులు కడిగించి, తుడిచి, వేలు పొడిచింది. రక్తం చుక్కను మిషన్‌కి గుచ్చిన పట్టీ పీల్చుకుంది. ముగ్గురూ మిషన్ మీదికి వంగారు.

తెర మీద వచ్చింది అంకె కాదు.